నిన్నటిదాకా ‘సార్’ అన్నవాడి కింద రేపు పనిచేయగలనా?

పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం చేత్తో రాసి పంపారు. ఆయన వయసు 54. ఒక తయారీ సంస్థ స్టోర్స్ విభాగంలో గుమాస్తాగా చేరి 26 ఏళ్ళు అక్కడే పనిచేశారు. చివరి తొమ్మిదేళ్ళు ఆ విభాగానికి ఇన్‌ఛార్జిగా ఉన్నారు. రెండేళ్ళ కిందట యాజమాన్యం ఆ యూనిట్‌ను మూసివేసింది. సెటిల్‌మెంట్‌గా వచ్చిన డబ్బులో పెద్ద భాగం కూతురి చదువుకూ ఇంటి అప్పుకూ పోయింది, ఆ అప్పు వాయిదాలు ఇంకా ఆరేళ్ళు ఉన్నాయి. ఇప్పటికి 70కి పైగా దరఖాస్తులు పెడితే తొమ్మిది చోట్ల నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఒకచోట “మీ అనుభవానికి ఇది చిన్న ఉద్యోగమండీ” అన్నారు. మరొకచోట “మా దగ్గర అందరూ కుర్రవాళ్ళే” అని నవ్వి ఊరుకున్నారు. మిగిలిన చోట్ల “కబురు చేస్తాం” అన్న మాటే చివరి మాట అయింది.

ప్రస్తుతం ఆయన రెండు చోట్ల పార్ట్‌టైమ్ పని చేస్తున్నారు. ఉదయం పూట ఒక గోడౌన్‌లో సరుకు లెక్కలు చూస్తారు, వారంలో రెండు రాత్రులు ఒక చిన్న సంస్థకు బిల్లులు నమోదు చేసి పెడతారు. గోడౌన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆయన పని అయిపోవాలి. అయినా పూర్తికాలం చేస్తారన్న ఆశతో చాలా రోజులు సాయంత్రం దాకా అక్కడే ఉండి, లోడు దించడం నుంచి ఫోన్లు తీయడం దాకా అన్నీ చూసుకుంటున్నారు. “త్వరలోనే ఫుల్‌టైమ్ చేద్దాం” అని యజమాని 14 నెలలుగా అంటున్నారు. ఇంతలో, పాత సంస్థలో ఈయన దగ్గర పని నేర్చుకున్న ఒక యువకుడు ఇప్పుడు మరో సంస్థలో మేనేజర్ అయ్యాడు. తన విభాగంలో ఏడాది కాంట్రాక్ట్ మీద ఒక ఖాళీ ఉందని, “సార్, మీరు వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది” అని కబురు పెట్టాడు. మూడు వారాలైనా ఈయన సమాధానం ఇవ్వలేదు. “నిన్నటిదాకా నన్ను సార్ అన్నవాణ్ణి రేపటి నుంచి నేను ఏమని పిలవాలి? అసలు ఈ వయసులో నాకు పూర్తికాలపు ఉద్యోగం దొరుకుతుందా, లేక ఆశ వదులుకోవాలా?” అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో మీ వయసు ఒకే ఒక్క చోట ఉంది. ముందు 54 అని రాసి, దాన్ని కొట్టివేసి “50 దాటాయి” అని రాసి, మళ్ళీ దాన్ని కూడా కొట్టివేసి పక్కన 54 వేశారు. పేరు కూడా చెప్పని ఉత్తరంలోనే ఆ అంకె వేయడానికి మీ చెయ్యి అంత వెనకాడిందంటే, పరిచయం లేని నలుగురి ఎదుట కూర్చున్నప్పుడు మీరు ఎంత బరువు మోస్తున్నారో ఊహించగలను. కాబట్టి ముందు ఈ విషయం చెప్పాలి: మీరు వయసు కారణంగా తిరస్కరణకు గురవుతున్నానని అనుకోవడం మీ ఊహ కాదు. అమెరికాలో 40 ఏళ్ళు నిండినవారి పట్ల ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని 1967లోనే చట్టం చేశారు. అయినా అక్కడే ఆర్థిక శాస్త్రజ్ఞులు కల్పిత అభ్యర్థుల పేర్లతో 40,000కు పైగా దరఖాస్తులు పంపి చూసి, 2019లో ఆ ఫలితాలు ప్రచురించారు. పెద్ద వయసు వారికి తిరిగి వచ్చిన పిలుపులు చిన్నవారి కంటే తక్కువగా ఉన్నాయి, స్త్రీల విషయంలో ఆ తేడా మరీ స్పష్టంగా కనిపించింది. ఆ అభ్యర్థులకు నోరు లేదు, ముఖం లేదు, ఇంటర్వ్యూలో తడబడే అవకాశం లేదు. ఉన్నవి కాగితాలు మాత్రమే. అందువల్ల 70 దరఖాస్తులకు తొమ్మిదే పిలుపులు వచ్చాయంటే అందులో మీ చేతకానితనం ఉందని అనుకోవద్దు.

మీరు మరో మాట కూడా రాశారు. ఇంట్లో బంధువులు “ఏదో పని చేస్తూనే ఉన్నావుగా” అంటే ఏం చెప్పాలో తెలియడం లేదన్నారు. లెక్కలు వేసేవారి దృష్టిలోనూ మీరు నిరుద్యోగి కారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం ప్రకారం, లెక్క తీసుకున్న వారంలో జీతం కోసం ఒక్క గంట పనిచేసినా ఆ మనిషి ఉద్యోగంలో ఉన్నట్టే. అయితే ఎక్కువ గంటలు పనిచేయగలిగి, చేయాలని కోరుకుంటూ, అంత పని దొరకని మీలాంటివారిని అదే సంస్థ పని గంటలు చాలనివారిగా విడిగా గుర్తిస్తుంది. మీ ఇబ్బందికి ఒక పేరు ఉందని, అది లోకమంతటా గుర్తింపు ఉన్న ఇబ్బందేనని తెలిస్తే, బంధువుల మాటకు తల వంచుకోవాల్సిన పని ఉండదనే ఇది చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. “పూర్తికాలపు ఉద్యోగం” అన్న మాట మీ ఉత్తరంలో పదే పదే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అది ఒకే అర్థంలో రాలేదు. ఒకచోట అది వాయిదా కట్టే తేదీ నాటికి చేతిలో డబ్బుండడం. ఇంకోచోట వచ్చే ఏడాది కూడా ఈ పని ఉంటుందన్న భరోసా. మూడో పేజీలో, పెళ్ళిలో ఎవరో “ఇప్పుడెక్కడ చేస్తున్నారు?” అని అడిగితే పక్కకు తప్పుకున్నానని రాసినచోట, అది గౌరవం. చివర్లో, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదన్నచోట అది రోజుకు ఒక ఆకారం, అంటే ఏ పూట ఏం చేయాలో తెలిసి ఉండడం. నాలుగు అవసరాలను మీరు ఒకే మూటలో కట్టారు. ఆ మూట మొత్తాన్ని ఒకేసారి చేతికందించే సంస్థ కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నారు. అటువంటి ఉద్యోగం రాదని నేను అనను. కానీ నాలుగూ ఒకచోటే దొరకాలన్న పట్టుదల వల్ల, రెండో మూడో తీర్చగల అవకాశం ఎదుట నిలబడినా అది మీకు అవమానంగా కనిపిస్తోంది. మీ పాత సహచరుడి కబురు విషయంలో జరిగింది ఇదేనని నాకనిపిస్తోంది.

వీటిలో రోజు ఆకారం అన్నదాన్ని చిన్న విషయంగా తీసివేయకండి. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే చిన్న ఊరికి ఆధారమైన బట్టల మిల్లు మూతపడింది. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త మారీ యహోడా, ఆమె సహచరులు ఆ ఊళ్ళో ఉండి గమనించి రాసిన అధ్యయనం 1933లో వెలువడింది. పని పోయి తీరిక పెరిగినా, ఊరి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్ళేవారు తగ్గిపోయారు, వీధిలో మగవారి నడక సైతం నెమ్మదించింది. ఉద్యోగం జీతంతో పాటు ఇంకేమేమి ఇస్తుందో ఆ ఊరు చూపించింది. మీరు సాయంత్రం దాకా గోడౌన్‌లో ఉండిపోవడంలో ఆశ ఒక్కటే లేదు, ఈ అవసరం కూడా ఉంది. ఆ రెండింటినీ విడదీసి చూడకపోతే అక్కడి చిక్కు విడదు.

అక్కడి చిక్కు ఇది. యజమానికి పూటజీతానికి రోజంతా పనిచేసే మనిషి దొరికాడు. ఆయన చెడ్డవారు కాకపోవచ్చు, మీకు జ్వరం వచ్చినప్పుడు మందులు పంపించారని మీరే రాశారు. కానీ ఉన్న ఏర్పాటులో ఆయనకు లోటేమీ లేదు, కాబట్టి మార్చవలసిన అవసరం ఆయనకు కనబడదు. మీరు మరింత కష్టపడితే ఆయన మనసు మారుతుందని ఎదురుచూస్తున్నారు, మీరు కష్టపడేకొద్దీ ఆయన మార్చవలసిన కారణం తగ్గిపోతోంది. నాలుగు వారాల పాటు ఒక చిన్న పుస్తకంలో రోజూ ఒంటిగంట తర్వాత చేసిన పనులు, వాటికి పట్టిన సమయం రాసి ఉంచండి. ఆ తర్వాత ఆయన తీరికగా ఉన్నప్పుడు కూర్చొని, “నేను నిజానికి చేస్తున్న పని ఇంత. దీన్ని పూర్తికాలం చేయడం వీలవుతుందా, అయితే ఏ తేదీ నుంచి?” అని అడగండి. తేదీ అడగడం ముఖ్యం. ఆయన తేదీ చెబితే దాన్ని కాగితం మీద పెట్టించుకోండి. చెప్పకపోతే మరునాటి నుంచి ఒంటిగంటకు లేచి వచ్చేయండి. అలా వచ్చేస్తే ఆయనకు కోపం రావచ్చు, ఉన్న పూటపని కూడా కొంత బిగుసుకోవచ్చు. ఆ నష్టం నిజమైనదే కాబట్టి, ఈ మాట ఎత్తే సమయాన్ని మీ చేతిలో మరో అవకాశం ఎంత దగ్గరగా ఉందో చూసుకొని నిర్ణయించుకోండి. ఒకవేళ లేచి వచ్చేస్తే, మిగిలిన మధ్యాహ్నాలు వెతుకులాటకో కొత్తది నేర్చుకోవడానికో కేటాయించుకోవాలి. ఖాళీగా వదిలితే అవి మిమ్మల్ని తినేస్తాయి.

ఇక ఆ యువకుడి కబురు. దీనిపై మీరు రెండు పేజీలు రాశారు, అందులో జీతం గురించి ఒక్క వాక్యమే ఉంది. పాత జీతంలో మూడింట రెండు వంతులు వస్తుందట, అంటే ఇప్పుడు రెండు చోట్లా కలిపి వస్తున్నదానికంటే బాగా ఎక్కువ. మిగిలినదంతా పిలుపు గురించీ, కుర్చీ గురించీ. మీ బాధను నేను తేలిక చేయను. పాతికేళ్ళ అలవాటు ఒక్క రోజులో పోదు. అయితే అతని మాటను మరోసారి చదవండి: “మీరు వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.” దయ తలచినవాడు అలా అనడు. ఒక విభాగం నెత్తిన పడి, స్టాక్ లెక్క తేలక, నమ్మకస్తుడైన మనిషి కోసం చూస్తున్నవాడు అంటాడు. ఇంకొక సంగతి కూడా ఉంది. సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనం కోసం అమెరికాలో ఉద్యోగాలు మారినవారిని ప్రశ్నిస్తే, తెలిసినవారి ద్వారా పని దొరికినవారిలో ఆ తెలిసినవారిని తరచూ కలిసేవారు ఆరింట ఒక వంతే. ఎప్పుడో ఒకసారి కలిసేవారు, దాదాపు మరిచిపోయినవారే మిగిలిన కబుర్లు తెచ్చారు. రోజూ కలిసేవారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది, దూరమైనవారు వేరే లోకం నుంచి వార్త తెస్తారు. మీకు 70 దరఖాస్తులు తేలేకపోయినదాన్ని ఒక పాత పరిచయం తెచ్చింది. మీ వయసు అడ్డుకాని చోటు అది ఒక్కటే, ఎందుకంటే మీరేమిటో అతను కళ్ళారా చూశాడు.

అంటే తప్పకుండా చేరండి అని చెబుతున్నానా? లేదు. చేరితే ఏమవుతుందో, చేరకపోతే ఏమవుతుందో చూద్దాం. చేరితే ఆదాయం, రోజు ఆకారం వెంటనే వస్తాయి, రెజ్యూమేలో రెండేళ్ళ విరామం పక్కన ప్రస్తుత ఉద్యోగం అన్న గీత పడుతుంది. ఉద్యోగంలో ఉండి వెతికేవారిని చూసే చూపే వేరు. భరోసా మాత్రం ఏడాదికే ఉంటుంది. గౌరవం సంగతి మీ ఇద్దరి మీదా ఆధారపడుతుంది. పనిలో అతని నిర్ణయం మీకు తప్పనిపించే రోజు తప్పక వస్తుంది. ఆ రోజు నలుగురి ముందు సరిదిద్దకుండా గదిలో చెప్పి, ఆ తర్వాత అతను ఏది తేల్చితే అది చేయగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. నిజాయితీగా ‘చేయలేను’ అన్న జవాబు వస్తే చేరకపోవడమే మేలు, లేకపోతే ఉద్యోగంతో పాటు ఒక మంచి మనిషి స్నేహం కూడా పోతుంది. చేరకపోతే ఇప్పుడున్న రెండు పనులూ కొనసాగుతాయి, వెతుకులాట మీ చేతిలోనే ఉంటుంది. కానీ ఈ ఏడాదిలో అప్పు వాయిదాలు మిగిలిన పొదుపును ఎంత తింటాయో లెక్క వేసుకోవాలి.

ఏమని పిలవాలన్నారు. పదిమంది ముందు పేరు చివర ‘గారు’ చేర్చి పిలవండి, మీరు అని మాట్లాడండి. అతను మిమ్మల్ని సార్ అనడం మానడు, మానమని మీరూ చెప్పనక్కరలేదు. ఇద్దరూ ఒకరినొకరు మర్యాదగా పిలుచుకుంటే ఎవరు ఎవరి కింద అన్న ప్రశ్న చూసేవారికే తప్ప మీకు అడ్డురాదు.

మూడో దారి ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదు. బిల్లులు రాసే చిన్న సంస్థవారు తమ పరిచయస్తుల దుకాణంలో ఏడాది చివరి స్టాక్ లెక్కకు మిమ్మల్ని పంపారని, వాళ్ళు డబ్బిచ్చి మళ్ళీ రమ్మన్నారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. పూర్తికాలపు స్టోర్స్ మనిషిని పెట్టుకోలేని చిన్న సంస్థలు, నెలకు రెండు రోజులు వచ్చి సరుకు, పుస్తకం సరిచూసి వెళ్ళేవారి కోసం చూస్తుంటాయి. అటువంటివి నాలుగైదు కలిస్తే నెల నిండుతుంది. అయితే ఇందులో జబ్బు చేస్తే సెలవు లేదు, డబ్బు వసూలు కోసం తిరగాలి, మొదటి ఏడాది ఎత్తుపల్లాలు ఎక్కువ. వాయిదాల భారం ఉన్న మీరు దీన్ని మొదటి దారిగా ఎంచుకోవడం నాకు భయమే. పక్కన ఉంచుకొని మెల్లగా పెంచుకోదగినది మాత్రం అవును.

వెతుకులాట కొనసాగించేటట్టయితే మీరు జతచేసిన రెజ్యూమే గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. మొదటి వాక్యం “26 సంవత్సరాల సుదీర్ఘ అనుభవం” అని ఉంది, ఆ తర్వాత అర పేజీ సర్టిఫికెట్లు. ఎదుటివారికి దాని నుంచి అందేది మీ వయసు ఒక్కటే. కానీ ఉత్తరం నాలుగో పేజీలో, కూతురికి చెప్పినట్టుగా, ఒక సంగతి రాశారు. ఏటా స్టాక్ లెక్కకు 11 రోజులు గేటు మూసేవారట. కదలని విడిభాగాలకు ఎర్ర చీటీ కట్టి వేరే అరల్లోకి మార్చి, బిన్ కార్డులు, అంటే ఒక్కో అర దగ్గర ఉంచే సరుకు లెక్క చీటీలు, వారం వారం సరిచూసే పద్ధతి పెట్టాక అది మూడు రోజులకు తగ్గిందట. లెడ్జర్ల నుంచి కంప్యూటర్‌కు మారినప్పుడు ఇద్దరు కుర్రవాళ్ళతో కూర్చొని రెండు నెలల్లో 4,000 ఐటెమ్ కోడ్‌లు ఎక్కించారట. ఈ రెండు వాక్యాలే రెజ్యూమేలో పైన ఉండాలి. రెండోది చదివినవారు “ఈయన కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటారా?” అని అడగరు. గత 10, 15 ఏళ్ళ పనిని వివరంగా రాసి, అంతకు ముందుది ఒక్క వరుసలో చెబితే చాలు. చదువు పూర్తయిన సంవత్సరం రాయకపోవడం అబద్ధం కాదు. అడిగితే మాత్రం వయసు ఉన్నదున్నట్టు చెప్పండి, దాచి చేరితే ఆ తర్వాత బయటపడుతుందేమోనన్న భయం రోజూ వెంటాడుతుంది.

నేను కొంతకాలం ఉద్యోగులను ఎంపిక చేసే బల్లకు అటువైపు కూర్చున్నాను. ఒకసారి 52 ఏళ్ళ అభ్యర్థి వచ్చారు. పని తెలిసినవారు, మాట నెమ్మది. ఆయన వెళ్ళాక మాలో ఒకరు “ఈయన మన కుర్ర సూపర్‌వైజర్ మాట వింటారా?” అన్నారు, ఇంకొకరు “మంచిది దొరికితే వెళ్ళిపోతారు” అన్నారు. ఆ రెండు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆయన ఎదుట ఉండగా మేము అడగలేదు. ఆయన్ని వద్దనుకున్న నిర్ణయంలో నా సంతకం కూడా ఉంది, అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే చెబుతున్నాను: వాళ్ళు అడగని ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి. “నాకంటే చిన్నవారి దగ్గర పనిచేయడం నాకు ఇబ్బంది కాదు, కంప్యూటర్ పని నేను ఇద్దరు కుర్రవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను”, “ఈ జీతం నాకు సరిపోతుందని లెక్క చూసుకొనే వచ్చాను, ఇంకా కనీసం ఆరేళ్ళు ఒకేచోట ఉండాలన్నది నా ఆలోచన” అన్న రెండు మాటలు నెమ్మదిగా, అడగకముందే చెబితే వారి అనుమానాలకు చోటు తగ్గుతుంది. అన్నిచోట్లా పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. వయసు పరిమితి ముందే మనసులో గీసుకున్నవారిని ఏ మాటా మార్చదు. అటువంటివారు నోటితో ఆ మాట అనేస్తే, మీరుండే చోట చట్టం ఏం చెబుతుందో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఈ రక్షణ దేశానికొక రకంగా ఉంది.

ముందు చేయవలసింది మాత్రం ఆ యువకుడికి జవాబు ఇవ్వడం. అవునో కాదో తేలకపోయినా సరే, మూడు వారాల మౌనాన్ని అతను తిరస్కారంగానో, అంతకంటే బాధగా, చిన్నచూపుగానో తీసుకుని ఉండవచ్చు. మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి. ఆలస్యానికి రెండు మాటలు చెప్పి, కాగితం పెట్టుకొని అడగండి: పని గంటలు ఎన్ని, కాంట్రాక్ట్ ఎవరి పేరున ఉంటుంది, సంస్థ పేరునా లేక మధ్యవర్తి పేరునా, ఏడాది తర్వాత పొడిగింపు ఎవరు తేలుస్తారు, ఇంతకు ముందు ఇలా చేరినవారిలో ఎవరైనా పర్మనెంట్ అయ్యారా, సెలవులు, వైద్య సదుపాయం ఉన్నాయా, మధ్యలో మానాలన్నా మాన్పించాలన్నా ఎన్నాళ్ళ ముందు చెప్పాలి. అన్నీ రాసుకొని, రెండు రోజుల్లో చెబుతానని ఫోన్ పెట్టేయండి. మీ భార్య “ఎన్నాళ్ళిలా” అని ఒక్కసారి కూడా అడగలేదని, ఆ అడగకపోవడమే బరువుగా ఉందని రాశారు. ఆ రెండు రోజుల్లో ఒక సాయంత్రం వాయిదాల పుస్తకం, ఈ జవాబులు రాసిన కాగితం ఆవిడ ముందు పెట్టి, ఇద్దరూ కలిసి చూడండి.